ప్రమాదము: ఆటలో తగిలిన దెబ్బకు బాధ్యులెవరు?

శరీరమునకు తగిలిన దెబ్బ అందరికిని కనబడును. దానికి ముందు మనస్సునకు తగిలిన దెబ్బ ఎవ్వరికిని కనబడదు. ఆటస్థలమున ఒక పిల్లవాడు పడి కాలు విరిగినప్పుడు చుట్టునున్నవారు నేల మంచిది కాదందురు, ఎదుటివాడు మొరటువాడందురు, లేనిచో వాని కర్మమందురు. ఈ మాటలలో కొంత నిజము ఉండవచ్చును. కాని ఆ పిల్లవాడు ఆ దినమున ఏ చింతతో ఆటకు వచ్చెను, ఎవరికి భయపడి ఆడెను, ఏ నొప్పిని దాచుకొని పరుగెత్తెను అను ప్రశ్నలు అడుగువారు మిక్కిలి తక్కువ. అట్లు అడిగి చూచినయెడల దెబ్బకు బాధ్యులైనవారి జాబితాలో ఆనాడు ఆటస్థలమునకు రానివారి పేర్లు కూడ చేరును. ఈ వ్యాసమున విచారింపబడు విషయము అదియే.

కోరాపుట్ జిల్లాలో జయపురము నుండి మల్కనగిరికి పోవు దారిమీద నున్న బొయిపరిగుడ చిన్న వ్యాపారస్థలము. చుట్టును కొండలు, అడవులు; కొలాబు నది చెంత గుప్తేశ్వర గుహ. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా రాష్ట్రము ఏర్పడువరకు ఈ సీమ మద్రాసు రాజధానిలో విశాఖపట్నము జిల్లాకు చెందియుండెను. ఇట్టి ఊళ్లలో పంట ఇల్లు చేరిన పిదప కోసిన మళ్లే ఆటస్థలములగును. ఫుట్‌బాలు, వాలీబాలు, క్రికెట్టు పోటీలు జరుగును. కప్పు కొనుటకు, బంతులు కొనుటకు, భోజనముల ఖర్చునకు చందా పుస్తకము మొదట వర్తకుల దుకాణములకే వచ్చును. కావున ఈ ప్రశ్న వర్తక కుటుంబములకు రెండు విధముల సంబంధించినది. వారు ఆడు పిల్లలకు తల్లిదండ్రులు. ఆడించు పోటీలకు దాతలు.

మనస్సునకును అపాయమునకును గల సంబంధమును ఈ సీమ వర్తకులకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. సరుకు లారీని గోవిందపల్లి ఘాటు మీదుగా పంపు యజమాని మొదట టైర్లు, బ్రేకులు చూచును. తరువాత డ్రైవరు ముఖము చూచును. రాత్రి నిద్రలేనివానిని, ఇంట కలహించి వచ్చినవానిని, అప్పులవారి బాధలో నున్నవానిని బుద్ధిగల యజమాని ఘాటు ఎక్కింపడు. బండి అదే, దారి అదే, స్టీరింగు పట్టిన చేయి అదే. అయినను మలుపు దగ్గర కన్ను అరక్షణము ఆలస్యమగునని ఆయనకు తెలియును. అట్టి యజమానియే సాయంకాలము కుమారుడు ఆటకు బయలుదేరునప్పుడు వాని బూట్లు క్రొత్తవో పాతవో చూచును గాని ముఖము చూడడు. సరుకు విషయమున ఉన్న వివేకము సంతానము విషయమున ఏల లేకపోవలెను?

శాస్త్రజ్ఞుల పరిశీలన

1967లో థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే అను అమెరికా వైద్యులు జీవితమున వచ్చు మార్పులను తూచుటకు ఒక పట్టికను ప్రకటించిరి. అందులో 43 సంఘటనలు గలవు. భార్య గాని భర్త గాని మరణించుటకు 100 పాళ్లు, వివాహమునకు 50 పాళ్లు, నివాసము మారుటకు 20 పాళ్లు వేసిరి. దుఃఖమునకే గాక సంతోషమునకు కూడ బరువు గలదని ఈ పట్టిక చెప్పుచున్నది. జమ యైనను ఖర్చైనను చిట్టాలో వ్రాత పెరిగినట్లే, శుభమైనను అశుభమైనను మార్పు మనస్సునకు పని పెంచును. ఒకే సంవత్సరమున అక్కగారి వివాహము, తాతగారి మరణము, క్రొత్త బడి, క్రొత్త ఇల్లు అనుభవించిన పిల్లవాడు ఏ కన్నీరును కార్చకపోయినను బరువు మోయుచునే యుండును.

1970వ దశకము నుండి ఇట్టి పట్టికలను ఆటగాండ్రకు తగినట్లు మార్చి పరీక్షించిరి. అమెరికన్ ఫుట్‌బాలు ఆడు విద్యార్థులలో గడచిన సంవత్సరమున మార్పుల బరువు ఎక్కువగా మోసినవారే ఎక్కువగా దెబ్బలు తినినట్లు కనబడెను. 1988లో మార్క్ ఆండర్సన్, జీన్ విలియమ్స్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞులు దీనికి కారణము చూపుచు ఒక సిద్ధాంతమును ప్రకటించిరి; 1998లో దానిని సరిదిద్దిరి. వారు చెప్పినది క్లుప్తముగ ఇది. ఒకడు తన ముందున్న ఆటను తన శక్తికి మించినదిగ, తనకు ముప్పుగ భావించినప్పుడు శరీరమున మార్పులు కలుగును. కండరములు అవసరము లేని చోట బిగిసికొనును. చూపు ఇరుకగును. మనస్సు ఆటమీద నిలువక చింతమీదికి పోవుచు వచ్చుచు నుండును. బిగిసిన కాలు నేల హెచ్చుతగ్గులకు తగినట్లు వంగదు గనుక చీలమండ మెలిక పడును. ఇరుకైన చూపునకు బంతి కనబడును గాని ప్రక్కనుండి దూసికొని వచ్చు మనిషి కనబడడు. అన్యమనస్కుడు ఎగిరిన తరువాత ఎట్లు దిగవలెనో ఆలస్యముగ తలచును. దెబ్బ తగులుటకు ఆ ఆలస్యమే చాలును.

పరీక్షల సంగతి వర్తక కుటుంబములవారు ప్రత్యేకముగ గమనింపదగినది. అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయపు ఫుట్‌బాలు ఆటగాండ్రను గూర్చి 2016లో ప్రకటింపబడిన పరిశీలనలో, పరీక్షలు జరుగు వారములలో వారికి దెబ్బలు ఎక్కువగా తగిలినట్లు తేలెను. పరీక్షాపత్రము కాలిని తన్నదు గదా యని ఎవరైన నవ్వవచ్చును. కాని పగలు పుస్తకమునకును సాయంకాలము బంతికిని ఒకే మనస్సు పనిచేయవలెను. రాత్రి నిద్ర తగ్గును. ఇంటివారి ప్రశ్నలు పెరుగును. మార్కులు తక్కువ వచ్చిన దినమున తిట్లు తిని ఆటకు వెళ్లిన పిల్లవాడు ఆ తిట్లను కూడ వెంట తీసికొనియే పరుగెత్తును.

చింత గల ప్రతివాడును దెబ్బ తినడు. ఈ విషయమును రోనాల్డ్ స్మిత్, ఫ్రాంక్ స్మాల్ మొదలగువారు ఉన్నత పాఠశాల ఆటగాండ్రలో పరిశీలించి 1990లో ప్రకటించిరి. ఆదరించు జనము, చిక్కులను తట్టుకొను నేర్పు అను రెండును కొరవడినవారిలోనే చింతకును దెబ్బకును సంబంధము గట్టిగ కనబడెను. అనగా కష్టము చెప్పుకొనుటకు ఒక్క మనిషి దొరికినను, లేక తన్ను తాను నిలద్రొక్కుకొను అభ్యాసమున్నను పిల్లవానికి కొంత రక్షణ కలుగును. 2005లో ప్రకటింపబడిన ఒక స్వీడన్ పరిశీలనలో, దెబ్బలు తినుటకు ఎక్కువ అవకాశము గల ఫుట్‌బాలు ఆటగాండ్రకు మనస్సును శాంతపరచుకొనుట, చింతలను ఎదుర్కొనుట నేర్పిన పిదప, నేర్పనివారికంటె వారికి దెబ్బలు తక్కువగా తగిలినవి.

మనస్సు ఒక్కటే కారణమని శాస్త్రజ్ఞులు చెప్పలేదు. గుంతల నేల, చెడిన బూట్లు, అలసట, పూర్తిగ మానని పాత గాయము, మొరటు ఆట ఇవన్నియు కారణములే. వడదెబ్బకు మనోధైర్యము మందు కాదు. కాని ఇన్ని కారణముల నడుమ మనస్సును లెక్కలో వ్రాయకుండ వదలిన ఆవర్జా సరిగా కుదరదు.

ఒక మాట, రెండర్థములు

తెలుగున ప్రమాదమనగా అపాయము. శాస్త్రమున ప్రమాదమనగా ఏమరుపాటు, జాగరూకత లేకపోవుట. లోకులు ఫలమునకు పెట్టిన పేరును శాస్త్రకారులు కారణమునకు పెట్టిరి. హింసను నిర్ణయించుటలో ఉమాస్వాతి ఆచార్యులు తత్త్వార్థ సూత్రమున జరిగిన హానిని మాత్రమే గాక చేయువాని ఏమరుపాటును కూడ లెక్కలోనికి తీసికొనిరి. సాధువులకు విధింపబడిన ఈర్యాసమితి నడకకు సంబంధించిన నియమము. ముందు నాలుగు మూరల నేలను చూచుచు, తొందర లేక, వేరొక తలపు లేక నడువవలెను. కాలిక్రింది ప్రాణిని రక్షించుట దాని ఉద్దేశము. కాని అట్లు నడచువాని కాలు కూడ రక్షింపబడునని వేరుగ చెప్పనక్కరలేదు. ఇరుకైన చూపు, చెదరిన మనస్సు అని నేటి శాస్త్రజ్ఞులు దేనిని అపాయకారణముగ చెప్పుచున్నారో దానికి వ్యతిరేకమైన శిక్షణయే ఈర్యాసమితి.

ఆటగానికి సాధువు నడక సాధ్యము కాదు. పరుగు లేనిదే ఆట లేదు. అయినను ఏమరుపాటు ఎంత చిన్న రూపమున వచ్చునో తెలియుటకు రమణ్ లాంబా మరణమును తలచికొనవచ్చును. భారతదేశము పక్షమున 4 టెస్టులు, 32 ఒకరోజు పోటీలు ఆడిన అనుభవజ్ఞుడాయన. 1998 ఫిబ్రవరి 20వ తేదీన ఢాకాలో ఒక క్లబ్బు పోటీలో ఆయన బ్యాట్స్‌మనుకు అతి సమీపమున, షార్ట్ లెగ్ స్థానమున నిలిచెను. ఓవరులో మిగిలినవి మూడు బంతులే. హెల్మెట్టు సంగతి జట్టువారు అడిగిరనియు, మూడు బంతులకు అక్కరలేదని ఆయన బదులు చెప్పెననియు అప్పటి వార్తలు తెలిపినవి. బ్యాట్స్‌మను కొట్టిన బంతి ఆయన తలకు తగిలెను. ఫిబ్రవరి 23వ తేదీన ఆయన మరణించెను. అప్పటికాయన వయస్సు 38 సంవత్సరములు.

ఇది గర్వమనుటకు వీలులేదు, పిరికితనము కానేకాదు. ఇంత స్వల్పకాలములో ఏమగునను తలపు అది. దుకాణము ఎదుటనే యున్నది గదా యని గల్లాపెట్టెకు తాళము వేయకుండ లేచిపోవువాని తలపు కూడ అట్టిదే. అనుభవము లేనివాడు భయముచేత జాగ్రత్తపడును. అనుభవము గలవానికి భయము పోవును గనుక జాగ్రత్తను బుద్ధిపూర్వకముగ తెచ్చుకొనవలెను. హెల్మెట్టు, షిన్ గార్డు, ఆటకు ముందు కండరములను వేడిచేసికొను వ్యాయామము, ఇవన్నియు మూడు బంతులకైనను ముప్పది ఓవర్లకైనను ఒకటే యని పిల్లలకు నేర్పుటలో అర్థమిదియే.

నాలుగు కషాయములు

ఏమరుపాటునకు మూలమేది? క్రోధము, మానము, మాయ, లోభము అను నాలుగు కషాయములు మనస్సును కప్పినప్పుడు జాగరూకత నశించునని జైన శాస్త్రము. కషాయమునకు లోబడిన జీవుడు ఇతరులకు హాని చేయకపోయినను తనకు తాను హాని చేసికొన్నవాడే యని అమృతచంద్రాచార్యులు పురుషార్థసిద్ధ్యుపాయమున బోధించిరి. ఆ బోధ ఆత్మను గూర్చినది. కాని ఆటస్థలమున అది శరీరము మీద కూడ వ్రాయబడి కనబడును.

క్రోధము తేటతెల్లము. తన్ను తన్నినవానిని తిరిగి తన్నబోయినవాడు బంతిని చూడడు, తన కాలు ఎచట పడుచున్నదో చూడడు. దెబ్బ ఎదుటివానికి తగిలినను తనకే తగిలినను అది ఒకే కోపపు ఫలము.

మానము ఇంకను సూక్ష్మమైనది. పదిమంది చూచుచుండగా బయటికి వచ్చుట అవమానమను తలపు నొప్పి మీద నొప్పి తెచ్చును. ఉపవాస దినమున కూడ ఆడి గెలిచితిననిపించుకొనవలెనను పిల్లల పంతము ఈ జాతిదే. ఉపవాసమును గౌరవించు ఇంట ఆనాడు ఆటను కూడ మానిపించుట వివేకము.

మాయ యనగా కపటము. ఆటలో అది నొప్పిని దాచుట. చీలమండ వాచిన పిల్లవాడు మేజోడు పైకి లాగి ఏమియు లేదనును. తలకు దెబ్బ తగిలి కండ్లు తిరిగినవాడు నవ్వుచు మరల లోపలికి పోవును. తలకు తగిలిన మొదటి దెబ్బ మానకముందే రెండవది తగిలినచో అరుదుగనైనను ప్రాణాపాయము కలుగవచ్చునని వైద్యులు హెచ్చరించుచున్నారు. ఈ కపటమును పిల్లవాడు ఎందుకు నేర్చెను? నిజము చెప్పినచో జట్టులో చోటు పోవుననియో, తండ్రి చిన్నబుచ్చుననియో నేర్చెను. దొంగలెక్క వ్రాసిన గుమాస్తా తప్పు గుమాస్తాదే. కాని నష్టము చెప్పిన ప్రతిసారియు గుమాస్తాను తిట్టు యజమాని తన దుకాణమున నిజమైన లెక్కలను ఆశింపరాదు.

లోభము ఆటగానిదే కానక్కరలేదు. ఇచటనే ఇతరుల బాధ్యత మొదలగుచున్నది. సోవియట్ దేశపు జిమ్నాస్టు ఎలెనా ముఖినా 1978లో ప్రపంచ విజేత. 1979లో ఆమె కాలు విరిగెను. అది పూర్తిగ మానకముందే ఆమెను మరల సాధనకు దింపిరి. 1980లో మాస్కో ఒలింపిక్ క్రీడలు సమీపించుచున్నవి, పతకములు కావలెను. గాలిలో తలక్రిందులై తిరిగి దిగవలసిన మిక్కిలి అపాయకరమైన ఒక విన్యాసమును ఆమెచేత చేయించుచుండిరి. ఆ విన్యాసమును గూర్చి ఆమెకు భయము గలదు. చెప్పినను వినినవారు లేరు. 1980 జూలై 3వ తేదీన మిన్‌స్కు నగరమున సాధన చేయుచు ఆమె పడి మెడ విరిగెను. కాలుచేతులు పడిపోయెను. 2006 డిసెంబరులో 46వ యేట మరణించువరకు ఆమె మంచము విడువలేదు. పడిన క్షణమున తనకు తోచిన మొదటి తలపు, ఇక ఒలింపిక్స్‌కు పోనక్కరలేదు గదా, దేవుడు మేలుచేసెను అనునదియే యని ఆమె తరువాతి కాలమున చెప్పెను.

మెడ విరిగిన ఇరువదేండ్ల బాలికకు ఊరట కలిగెననగా ఆమె మనస్సు ఎంత కాలము నుండి విరిగియుండెనో పాఠకులు ఊహింపవచ్చును. ఈ దెబ్బను ఎవరి ఖాతాలో వ్రాయవలెను? నేల చదునైనది. ఎదుటివాడెవ్వడును లేడు. పతకమును కోరినవారు ఎందరో. పడినది మాత్రము ఆమె ఒక్కతె.

ధైర్యమేది?

ఇంత జాగ్రత్త చెప్పుచు పోయినచో పిల్లలు పిరికివారగుదురని ఒక ఆక్షేపము గలదు. అది త్రోసివేయదగినది కాదు. 2002లో ఆంటిగ్వా టెస్టులో బంతి తగిలి దవడ విరిగిన అనిల్ కుంబ్లే తలకు కట్టు కట్టుకొని వచ్చి 14 ఓవర్లు వేసి బ్రయన్ లారాను అవుట్ చేసెను. ఆ దృశ్యమునకు దేశమంతయు చేతులెత్తి నమస్కరించెను. 1956లో ఇంగ్లండు ఎఫ్.ఏ. కప్పు అంతిమ పోటీలో మాంచెస్టర్ సిటీ గోల్‌కీపరు బెర్ట్ ట్రౌట్‌మన్ మెడ ఎముక విరిగిన సంగతి తెలియకయే చివరివరకు నిలిచి ఆడెను. ఇట్టి కథలు వినని ఆటగాడు లేడు. ఇవి వీరగాథలే.

కాని కుంబ్లే వయస్సు వచ్చినవాడు. తన దవడ విరిగినదని తెలిసియే, అందరికి తెలియునట్లే, తన ఇష్టముచేత వచ్చెను; వెంటనే శస్త్రచికిత్సకై స్వదేశమునకు తిరిగి వచ్చెను. ఎవరికో భయపడి నొప్పిని దాచి ఆడు పదునాలుగేండ్ల పిల్లవానికి ఆయనను దృష్టాంతముగ చూపుట న్యాయము కాదు. ట్రౌట్‌మన్ సంగతిలో మెచ్చుకొనదగినది ఆయన ఓర్పు. అనుకరింపదగినది ఏమియు లేదు. మెడ విరిగిన తరువాత కూడ బ్రతికినవాని కథ లోకమున నిలిచినది. అట్లే ఆడి బ్రతుకనివారి కథను ఏ కప్పు మీదను చెక్కలేదు.

మరియొక విధమైన ధైర్యము 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో కనబడెను. అమెరికా జిమ్నాస్టు సిమోన్ బైల్స్ జూలై 27వ తేదీన జట్టు పోటీలో ఎగిరి, రెండున్నర చుట్లు తిరుగవలసినచోట ఒకటిన్నర చుట్టు మాత్రమే తిరిగి దిగెను. గాలిలో తానెచటనున్నదో తనకే తెలియని స్థితి అది. శరీరమున గాయము లేదు. మనస్సునకును శరీరమునకును సంబంధము తప్పెను. ఆమె ఆ సంగతిని దాచక చెప్పి పోటీనుండి తప్పుకొనెను. పిరికిదని పలువురు నిందించిరి. ఆగస్టు 3వ తేదీన తాను సురక్షితముగ చేయగల విన్యాసముతో తిరిగి వచ్చి కాంస్య పతకము పొందెను. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో మూడు స్వర్ణములు, ఒక రజతము గెలిచెను. ముఖినా చెప్పినను వినువారు లేకపోయిరి. బైల్స్ చెప్పినప్పుడు ఆమె జట్టువారు వినిరి. ఇరువురి అనుభవములకు నడుమ నలుబది యొక్క సంవత్సరములు గడచినవి. లోకము కొంత నేర్చుకొన్నదని చెప్పుటకు ఇది చాలును. ఇంక ప్రతి ఊరును నేర్చుకొనవలసియున్నది.

కర్మ యను సమాధానము

దెబ్బ తగిలిన పిదప ఇంటివారు కర్మ యందురు. బాధ కలుగుటకు అసాతా వేదనీయ కర్మము కారణమని శాస్త్రము చెప్పుట నిజమే. మంచముమీద నున్న పిల్లవాని తల్లికి ఆ మాట ఓదార్పు నిచ్చినచో దానిని కాదనుట క్రూరత్వము. కాని ఓదార్పుగ పనికివచ్చు మాట సాకుగ పనికిరాదు. దుకాణమునకు తాళము వేయక పోయి, దొంగతనము జరిగిన పిదప కర్మ యని ఏ వర్తకుడును ఊరకుండడు; మరునాడు మంచి తాళము కొనును. కర్మ సిద్ధాంతము పురుషకారమును మాన్పలేదు. ఫలము అనుభవించునప్పుడు శాంతము కావలెను. క్రొత్త కర్మము కట్టకుండుటకు జాగరూకత కావలెను. పిల్లవాని గాయము వాని పూర్వ కర్మఫలమే యనుకొన్నను, వానిని తిట్టి పంపిన తండ్రి మాట, నొప్పి దాచుమని కనుసైగ చేసిన కెప్టెను మాట, గెలిచి తీరవలెనని పంతము పెంచిన దాత మాట ఎవరివి? అవి నేటివి. వాని లెక్క వారిదే.

పడిన తరువాత

మనస్సు పాత్ర దెబ్బతో ముగియదు. మోకాలి శస్త్రచికిత్స బాగుగ జరిగి, ఎముక కుదిరి, బలము తిరిగివచ్చినను, మరల పడుదునేమో యను భయముచేత ఆటకు తిరిగి రానివారు అనేకులు. భయముతో తిరిగి వచ్చినవాడు ఆ కాలిని కాపాడుకొనుటకై మరియొక కాలిమీద భారము వేసి దానిని చెరుపుకొనవచ్చును. తొందరపడి వచ్చినవాడు మానని గాయమును రేపుకొనును. కావున దేహము మానుటకు ఒక గడువు, మనస్సు మానుటకు ఒక గడువు గలవు. రెండు గడువులును ఒకే దినమున తీరవు.

ఈ విషయమున ఆంధ్రదేశమున పుట్టిన పుల్లెల గోపీచంద్ చరిత్ర మేలైన ఉదాహరణము. 1994లో పుణేలో జాతీయ క్రీడలలో డబుల్స్ ఆడుచు భాగస్వామిని ఢీకొని ఆయన మోకాలు తీవ్రముగ గాయపడెను. శస్త్రచికిత్సలు జరిగెను. ఎన్నో దినములు నడకనే మరల అభ్యసింపవలసివచ్చెను. 2001 మార్చిలో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను ఓడించి ఆల్ ఇంగ్లండు బ్యాడ్మింటన్ విజేత యయ్యెను. 1980లో ప్రకాశ్ పదుకోన్ గెలిచిన పిదప ఆ బిరుదు పొందిన భారతీయుడు ఆయనయే. గాయమునకును విజయమునకును నడుమ సుమారు ఏడేండ్లు. ఆయన శిష్యురాలు పి.వి. సింధు 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ క్రీడలలో స్వర్ణము గెలిచిన పిదప ఎడమ చీలమండ ఎముకలో చీలిక తేలగా, అదే నెలలో టోక్యోలో జరిగిన ప్రపంచ పోటీలకు పోక ఆగెను. ప్రపంచ బిరుదుకంటె కాలు ముఖ్యమని అంత గొప్ప క్రీడాకారిణి తలచినప్పుడు ఊరి కప్పునకై ఏ పిల్లవాడును కాలు పణము పెట్టనక్కరలేదు.

పెద్దలు చేయదగినది

ఇంటి పెద్దలు చేయదగిన పని ఖర్చు లేనిది. ఆటకు పోవు పిల్లవాని ముఖము చూచి ఒక్క ప్రశ్న అడుగవలెను. "ఏమి బాబూ, రాత్రి నిద్ర పట్టినదా? కాలు ఎట్లున్నది?" అని అడిగిన తరువాత వచ్చిన సమాధానమునకు కోపపడకుండుట అంతకంటె ముఖ్యము. ఇంట మరణము గాని, కలహము గాని, వ్యాపార నష్టము గాని సంభవించిన వారములలో పిల్లవాడు ఆడవచ్చును. ఆట వానికి ఊరట కూడ కావచ్చును. కాని ఆ వారములలో పోటీ వలదు, పంతము వలదు. నిత్యము 48 నిమిషములు సామాయికమున కూర్చొను పెద్దలు పిల్లలను కూడ కొంతసేపు ప్రక్కన కూర్చుండబెట్టుకొనిన, శ్వాసను, మనస్సును నిలుపు అభ్యాసము వారికి చిన్ననాటనే అబ్బును. ప్రతిక్రమణమున దినపు తప్పులను తలచికొనుట ఎరిగిన కుటుంబములకు, ఆట ముగిసిన సాయంకాలము నేడు ఎచట ఏమరితిమి, ఎవరిమీద కోపించితిమి అని పిల్లలచేత తలపింపజేయుట కష్టము కాదు.

కప్పు నిచ్చు దాతలకు మరియొక పని గలదు. చందా ఇచ్చువాని మాటకు పోటీ నడుపువారు విలువ నిత్తురు. కప్పుతో పాటు ఆ దాతలు కొన్ని షరతులు పెట్టవచ్చును. తలకు దెబ్బ తగిలినవాడు ఆనాడు మరల ఆడరాదు. నొప్పి యని చెప్పి బయటికి వచ్చినవానిని ఎవ్వరును గేలిచేయరాదు. వాని స్థానము వచ్చు పోటీలో వానికే యుండవలెను. జట్టు ఓడినను నిజము చెప్పిన ఆటగానికి బహుమతుల సభలో ఒక మంచి మాట దక్కవలెను. కప్పు వెలలో పదియవ వంతు పెట్టిన మంచుగడ్డలు, కట్లు, జయపురము ఆసుపత్రికి పోవు బండి సిద్ధముగ నుండును. ఓడిన జట్టు కెప్టెనును వేదికమీదికి పిలిచి కరచాలనము చేసిన దాత, మరుసటి యేడు ఎవరి కాలో విరుగకుండ కాపాడినవాడు కావచ్చును. ఆ సంగతి ఆయనకు ఎన్నడును తెలియకపోవచ్చును.

దెబ్బ తగిలి ఇంట పడియున్న పిల్లవానిని మరువకుండుట చివరి పని. ఆడుచున్నంత కాలము వాని చుట్టు పదుగురుందురు. మంచమెక్కిన నెల తిరుగకముందే ఒక్కడగును. అప్పుడు వాని మనస్సున భయము, విసుగు, సిగ్గు పెరుగును; మరల ఆటస్థలమునకు వచ్చునాడు వాటినే వెంటబెట్టుకొని వచ్చును. సంత దినమున దుకాణము కట్టివేసిన పిదప కప్పు నిచ్చిన దాత వాని ఇంటికి పోయి అరగంట కూర్చొని, ఆట మాట ఎత్తక వాని మాట వినినచో చాలును. కప్పు మీద దాత పేరు ఉండును. ఆ పిల్లవాడు భయము లేక, తొందర లేక, సరియైన సమయమున లేచి నడచినచో, పేరు లేకున్నను ఆ నడక ఆయన దానములోనిదే.